పటాన్ని శ్రీలంక దగ్గర కత్తిరించకండి

2022 మే నెలలో అసని తుపాను టైములో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకి బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది, గుర్తుందా? ఆ రెండు రోజులూ మన టీవీల్లో ఇంకో వార్త లేదు. అది నిజం బంగారమా, పూతా, మయన్మార్‌దా, థాయ్‌లాండ్‌దా, దాని మీద అక్షరాలు ఏ భాషవి, మనుషులే వదిలారా, దేవుడు పంపాడా, అన్నీ అడిగారు. మా మావయ్య ఆ చుట్టుపక్కల ఊళ్ళోనే ఉంటాడు, చేపల వేటకెళ్ళే మనిషి. పొద్దున్నే ఫోన్ చేసి "ఒరే, రథం వొచ్చింది, టీవీలో సూసినావా?" అన్నాడు. చూశాను మావయ్యా అన్నాను. ఎవరు చూడలేదు కనక.

అదే రోజుల్లో ఇంకో బొమ్మ చూశాను, ఉపగ్రహం తీసింది. నాకు రథం కంటే అదే వింతగా అనిపించింది. అందులో హిందూ మహాసముద్రం ఓ పెద్ద ముక్క ఉంది. భూమధ్యరేఖకి పైన మన అసని. రేఖకి కింద, దాదాపు ఎదురుబొదురుగా, ఇంకో తుపాను. దాని పేరు కరీమ్. పైది గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతోంది, కిందిది ముల్లుతో పాటు తిరుగుతోంది. నడుమ భూమధ్యరేఖని ఒక అద్దం అనుకుంటే పైనున్న దాని నీడే కింద పడినట్టుంది. రెండూ ఒకే వారంలో పుట్టాయి. కవలలు అన్నమాట, మాటవరసకి కాదు, శాస్త్రవేత్తలు కూడా వీటిని కవల తుపాన్లనే అంటారు. 2019 ఏప్రిల్ చివర్లో ఫొని పుట్టినప్పుడు కూడా రేఖకి అవతల లోర్నా అని ఒకటి పుట్టింది.

ఈ కవల సంగతి తెలుగులో ఏ ఛానల్లోనూ నాకు కనబడలేదు. కారణం చాలా చిన్నది. మన వాతావరణ పటం శ్రీలంక దగ్గర ఆగిపోతుంది. స్టూడియోలో యాంకరు వెనక పెట్టే ఆ పటంలో పైన హిమాలయాలు, కింద శ్రీలంక, ఇంకొంచెం ఉంటే అండమాన్. సముద్రం అంటే బంగాళాఖాతమే, అది కూడా సగం. తుపాను ఆ పటం కింది అంచులోంచి పైకి తేలుతుంది, ఎక్కడినుంచో తెలీదు, ఆగ్నేయ బంగాళాఖాతంలో "అల్పపీడనం ఏర్పడింది" అంటారు, అంతే. ఏర్పడింది. ఎవరు ఏర్పరిచారు?

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే, నా వాదన ఒక్కటే: ఆ పటాన్ని భూమధ్యరేఖ దాటి ఇంకో 15 డిగ్రీలు కిందికి జరపండి. అలా జరిపితే మన తీరానికి వచ్చేవాటిలో చాలా వాటికి తల్లీతండ్రీ కనబడతారు. ఆ కుటుంబాన్ని నడిపేది భూమి తిరగడం. తుపాన్లనే కాదు, కంటికి కనబడని అలల్ని కూడా.

ముందు ఒక పాత కోపం తీర్చుకోనివ్వండి. ఇంటర్‌లో మా ఫిజిక్స్ లెక్చరర్ (కాలేజీ పేరు ఎందుకులెండి) కొరియాలిస్ బలం (భూమి తిరుగుతుండటం వల్ల కదిలేవాటిని పక్కకి ఒరిగించే తోపు) దగ్గరికొచ్చేసరికి "ఇది మిథ్యాబలం, ఉత్తరార్ధగోళంలో కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకి, బిట్‌గా వస్తే వస్తుంది, పదండి" అని పేజీ తిప్పేశారు. మిథ్య అంటే లేనిదేగా అని నేనూ వదిలేశాను. చాలామందికి దాని గురించి తెలిసిన ఇంకో సంగతి ఏమిటంటే సింకులో నీళ్ళు ఇక్కడ ఒకవైపు, ఆస్ట్రేలియాలో ఇంకోవైపు తిరుగుతాయనేది. కెన్యాలో నన్యుకీ అనే ఊళ్ళో భూమధ్యరేఖ మీద నిలబడి గిన్నెలో నీళ్ళు పోసి, పది అడుగులు అటు వేసి ఒకలా, ఇటు వేసి ఇంకోలా తిప్పి చూపించి టూరిస్టుల దగ్గర డబ్బులు పుచ్చుకుంటారు. చేతివాటం అది. సింకులో నీళ్ళు ఎటు తిరగాలో కుళాయి తిప్పినప్పుడు నీళ్ళు పడిన తీరు, తొట్టి ఆకారం నిర్ణయిస్తాయి, భూమికి అక్కడ పనే లేదు.

అయినా భూమి చెయ్యి అక్కడ కూడా ఉంది, చూడాలంటే ఓపిక కావాలి. 1962లో ఎంఐటీ ప్రొఫెసర్ ఆషర్ షపీరో ఆరడుగుల వెడల్పున్న తొట్టిలో నీళ్ళు నింపి, 24 గంటలు కదలకుండా ఉంచి, అప్పుడు నడిమధ్యన ఉన్న సన్న కన్నం తెరిచాడు. మొదట ఏమీ లేదు. చాలాసేపటికి, నీళ్ళు దాదాపు అయిపోవస్తుంటే, పైన తేలే చిన్న పుల్ల గడియారానికి ఎదురు దిశలో తిరగడం మొదలెట్టింది. ఎన్నిసార్లు చేసినా అటే. 1965లో సిడ్నీలో ఇంకో జట్టు ఇదే చేస్తే ముల్లు దిశలో తిరిగింది. అంటే బలం నిజంగానే చాలా చిన్నది, కానీ దాన్ని మిగతావేవీ చెడగొట్టకుండా టైమిస్తే దాని పని అది చేసుకుంటుంది.

ఎంత చిన్నదో లెక్క వేద్దాం. విశాఖ స్టేడియంలో ఫాస్ట్ బౌలరు గంటకి 140 కిలోమీటర్ల వేగంతో బంతి వేస్తే అది బ్యాట్స్‌మన్ దగ్గరికి చేరడానికి అర సెకను. ఆ అర సెకనులో భూమి తిరగడం వల్ల బంతి కుడికి జరిగేది మిల్లీమీటరులో ఐదో వంతు. ఏ బ్యాట్స్‌మనూ దాన్ని సాకుగా చెప్పలేడు. ఇప్పుడు అదే విశాఖకి ఎదురుగా, లోతు సముద్రంలో, సెకనుకి అర మీటరు వేగంతో కదిలే నీళ్ళని తీసుకోండి, మనిషి నెమ్మదిగా నడిచే వేగం కంటే తక్కువ. ఒక తుపాను వచ్చి వాటిని తోసేసి పోయింది అనుకుందాం. ఇంకెవరూ అడ్డం రాకపోతే ఆ నీళ్ళు కుడికి, ఇంకా కుడికి, ఇంకా కుడికి ఒరుగుతూ 11 కిలోమీటర్ల వ్యాసార్ధంతో పెద్ద సున్నా చుట్టి సుమారు 39 గంటలకి మొదలైన చోటికే వస్తాయి. విశాఖ అక్షాంశానికి ఆ 39 గంటలు స్థిరం. అదే ఊళ్ళో అదే భూమి: బంతికి మిల్లీమీటరు కూడా లేదు, నీళ్ళని మాత్రం తిప్పి వెనక్కి తెచ్చేసింది. తేడా అంతా వాటికి దొరికిన వ్యవధిలో ఉంది.

ఈ కొరియాలిస్ పెద్దమనిషి కూడా 1835లో రాసింది గాలుల గురించి కాదు, తిరిగే యంత్రాల గురించి, నీటిచక్రాల్లాంటివాటి గురించి. గాలికీ నీటికీ దాన్ని తగిలించినవాళ్ళు వేరే. అంతకుముందే ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ సముద్రపు పోటుపాట్ల సమీకరణాల్లో ఇదే పదం రాసి పెట్టాడు. పేరు మాత్రం కొరియాలిస్‌కి పోయింది, అలా జరుగుతుంటుంది.

ఇక నాకు దీని పిచ్చి పట్టిన సంగతి. నాలుగేళ్ళ కిందట ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత రికార్డు ప్లేయరు ఒకటి కొన్నాను, పాటల కోసం కాదు. దాని చెయ్యి పీకేసి, పళ్ళెం మీద అడుగు చదునుగా ఉన్న గాజు గిన్నె పెట్టి, లీటరు నీళ్ళు పోసి, నిమిషానికి 33 చుట్ల మీద వదిలేశాను. మొదటిసారి గిన్నె మధ్యలో పెట్టలేదు, టేబుల్ తడిసింది, ఇంట్లో మాటలు పడ్డాయి. రెండోసారి కుదిరింది. ఓ పది నిమిషాలు ఆగితే గిన్నెతో పాటు నీళ్ళన్నీ గడ్డకట్టినట్టు ఒక్కటిగా తిరుగుతాయి. అప్పుడు ఒక చుక్క సిరా వేయాలి. మామూలు నీళ్ళలో సిరా చుక్క ఏమవుతుంది? పొగలా, మబ్బులా అన్ని వైపులకీ ఊడలు దించుకుంటూ పాకుతుంది. తిరిగే నీళ్ళలో అలా కాలేదు. నిలువుగా, సన్నగా, తెరలు కట్టింది. పక్కనుంచి చూస్తే పట్టు పరదాలు వేలాడదీసినట్టు, పైనుంచి చూస్తే దారం చుట్టలు చుట్టినట్టు. పైనీళ్ళూ కిందినీళ్ళూ విడివిడిగా కదలడం మానేశాయి, నిలువు స్తంభాల్లా కలిసి కదులుతున్నాయి. నీళ్ళకి వెన్నెముక వచ్చినట్టనిపించింది. 1920ల్లో కేంబ్రిడ్జిలో జి. ఐ. టేలర్ ఇదే చూపించాడు. తర్వాత ఒకటి స్ఫురించింది, రికార్డు ప్లేయరు గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది కనక మా డైనింగ్ టేబుల్ దక్షిణార్ధగోళం.

ఇంతకంటే గొప్ప గిన్నె ఒకటుంది. 1950ల్లో చికాగోలో డేవ్ ఫుల్ట్జ్, కేంబ్రిడ్జిలో రేమండ్ హైడ్ చేశారు. గుండ్రటి తొట్టి, మధ్యలో చల్లదనం, అంచుల్లో వేడి. మధ్యలోది ధ్రువం, అంచు భూమధ్యరేఖ అనుకోవాలి. నెమ్మదిగా తిప్పితే అంచు దగ్గర వేడి నీళ్ళు పైకి లేచి, బుద్ధిగా నడిమికి వెళ్ళి, చల్లబడి, దిగి, అడుగునుంచి తిరిగొస్తాయి. వేగం పెంచుతూ పోతే ఒక హద్దు దగ్గర ఆ బుద్ధి పోతుంది. నీళ్ళు మెలికలు పడతాయి, మూడు రేకులో, నాలుగో, ఐదో ఉన్న పువ్వులా ఒక ప్రవాహం తొట్టి చుట్టూ వంకర్లు తిరుగుతుంది. వేడి నడిమికి చేరేది ఇప్పుడు ఆ వంకర్ల గుండానే. వాతావరణ పటాల్లో ఐరోపా, అమెరికాల మీద చాలా ఎత్తున జోరుగా వీస్తూ మెలికలు తిరిగే జెట్ గాలి ఉందే, అది ఈ పువ్వే. కొండల్లేవు, సముద్రాల్లేవు, మబ్బుల్లేవు, ఒక తొట్టి, ఒక మోటారు, కొంచెం వేడీ చల్లదనం, అంతే, బయటికొచ్చింది మాత్రం భూమి వాతావరణం. అందుకే శుక్రగ్రహం మనలా ఉండదు, తన చుట్టూ తాను తిరగడానికి దానికి మన లెక్కలో 243 రోజులు. శనిగ్రహం పదకొండు గంటల లోపే తిరుగుతుంది, దాని ఉత్తర ధ్రువం చుట్టూ ఆరు భుజాల అల ఒకటి, ఒక్కో భుజం మన భూమి వ్యాసం కంటే పొడుగు, 1980-81లో వాయేజర్లు చూసినప్పటినుంచీ అలాగే ఉంది.

సరే, మన సముద్రానికి వద్దాం. అసలు చెప్పదలుచుకున్న అల వేరే.

తీరం పక్కన అల ఒకటి ఉత్తరార్ధగోళంలో పోతోంది అనుకోండి. భూమి దాన్ని కుడికి తోస్తుంది. కుడివైపు ఖాళీ ఉంటే ఒరిగిపోయేది, కానీ అక్కడ గట్టు ఉంది. కాబట్టి నీళ్ళు గట్టుకి ఆనుకుని కుప్ప పడతాయి, ఆ కుప్ప మళ్ళీ వెనక్కి జారాలని చూస్తుంది, జారనివ్వకుండా భూమి పట్టి ఉంచుతుంది. ఈ పెనుగులాటలో అలకి ఒకే దారి మిగులుతుంది, గట్టుని ఎప్పుడూ కుడిచేతి పక్కనే ఉంచుకుని ముందుకి పోవడం. వెనక్కి రాలేదు, ఎందుకంటే వెనక్కి తిరిగితే గట్టు ఎడమపక్కకి వస్తుంది. 1879లో విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయిన ఆయన, లెక్క కట్టి చూపించాడు, అందుకే కెల్విన్ అల. ఇంగ్లీష్ ఛానల్ జలసంధిలో ఫ్రాన్సు వైపు పోటు ఎత్తు, ఇంగ్లండు వైపు తక్కువ. అట్లాంటిక్ నుంచి లోపలికి వచ్చే పోటుకి ఫ్రాన్సు కుడిపక్కన ఉంటుంది మరి.

కుడిచేతి పక్కన ఉంచుకుని చుట్టడానికి మన దగ్గర పేరుంది కదా: ప్రదక్షిణం. గుడి చుట్టూ మనం తిరిగేటప్పుడు దేవుడు కుడివైపే ఉండాలి. ఉత్తరార్ధగోళంలో కెల్విన్ అల ఏ దీవి చుట్టూ తిరిగినా ప్రదక్షిణమే చేస్తుంది, దక్షిణార్ధగోళంలో అప్రదక్షిణం. (ఇది చదివి "మన పూర్వీకులకి అన్నీ ముందే తెలుసు" అని వాట్సాప్‌లో పెట్టకండి, దండం పెడతాను. గుర్తుపెట్టుకోవడానికి వాటంగా ఉంటుందని చెప్పాను.)

ఇప్పుడు భూమధ్యరేఖ. అక్కడ గట్టేమీ లేదు, ఖాళీ సముద్రం. కానీ రేఖకి ఉత్తరాన తోపు కుడికి, దక్షిణాన ఎడమకి. తూర్పుకి పోయే అలని చూడండి: ఉత్తరపు సగానికి రేఖ కుడిపక్క, దక్షిణపు సగానికి రేఖ ఎడమపక్క. రెండు సగాలూ రేఖ మీదికే ఒరుగుతాయి, ఒకదానికి ఒకటి ఆనుకుంటాయి. గోడ లేకపోయినా ఒకదానికొకటి గోడ అయ్యాయి. పడమరకి పోదామంటే రెండూ విడిపోతాయి. కాబట్టి భూమధ్యరేఖ మీద కెల్విన్ అల తూర్పుకి మాత్రమే పోతుంది, ఎప్పుడూ. జపాన్‌లో తరో మత్సునో 1966లో ఈ లెక్కంతా చేసి, భూమధ్యరేఖ దగ్గర ఏయే అలలు ఉండొచ్చో జాబితా ఇచ్చాడు. అదే సంవత్సరం యనై, మరుయమ అనే ఇద్దరు గాలి బెలూన్ల కొలతల్లో వాటిలో ఒకదాన్ని పట్టుకున్నారు. కాగితం మీద ఉన్నది ఆకాశంలో దొరికింది.

దీనికి ఇటీవలి కొసరు ఒకటుంది. 2017లో డెల్‌ప్లాస్, మార్స్టన్, వెనాయ్ అనే ముగ్గురు భౌతికశాస్త్రవేత్తలు ఈ తూర్పు అలలకీ, లోపల విద్యుత్తుని పోనివ్వక అంచుల వెంట మాత్రం పోనిచ్చే ఒక జాతి ఘనపదార్థాలకీ గణితం ఒకటేనని చూపించారు. భూమధ్యరేఖ అంటే తోపు కుడినుంచి ఎడమకి మారే అంచు. అలాంటి అంచు ఉన్నంతకాలం దాని వెంట తూర్పుకి పోయే అలలు రెండు ఉండి తీరాలి, సముద్రం లోతు మార్చినా, కొంచెం గరుకుగా ఉన్నా పోవు. నాకు ఆ గణితం పూర్తిగా మింగుడు పడలేదని ఒప్పుకుంటాను. కానీ ఒక పదార్థపు ముక్కలో ఎలక్ట్రాన్లూ, హిందూ మహాసముద్రపు నీళ్ళూ ఒకే కారణానికి దారి తప్పవంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మన తీరానికీ దీనికీ ఏమిటి? వసంతంలో ఏప్రిల్, మే, మళ్ళీ అక్టోబరు, నవంబరు, ఈ రెండు కాలాల్లో హిందూ మహాసముద్రంలో భూమధ్యరేఖ మీద పడమర నుంచి తూర్పుకి గాలులు వీస్తాయి. గాలికి నీళ్ళు ఉత్తరాన కుడికి, దక్షిణాన ఎడమకి ఒరుగుతాయి కదా, అంటే రెండు వైపులనుంచీ రేఖ మీదికే పోగవుతాయి. పైనున్న వేడి నీళ్ళ పొర మందం పెరుగుతుంది. అది తూర్పుకి పరుగు తీస్తుంది, 1973లో క్లాస్ విర్ట్కి ఈ ప్రవాహాన్ని గుర్తించాడు, ఆయన పేరే దానికి. దాంతోపాటు కెల్విన్ అల వెళ్ళి సుమత్రా తీరానికి కొట్టుకుంటుంది. అక్కడ రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ తీరాన్ని కుడిపక్కన పెట్టుకుని అండమాన్ సముద్రం, మయన్మార్, బంగ్లాదేశ్, ఒడిశా చుట్టుకుని, ఇచ్ఛాపురం, భావనపాడు, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు మీదుగా చెన్నై దాటి, శ్రీలంకకి సగం ప్రదక్షిణం చేసి కేరళ వైపు తిరుగుతుంది. రోజుకి సుమారు 200 కిలోమీటర్లు. సుమత్రా నుంచి మన దగ్గరికి మూడు నాలుగు వారాలు.

మీరు బీచిలో నిలబడి చూస్తే ఇది కనబడదు. సముద్రం మట్టం జానెడు కూడా లేవదు, అది కూడా రోజుల తరబడి నెమ్మదిగా. వెడల్పు తీరం నుంచి ఓ 50, 60 కిలోమీటర్లే. అసలు కదలిక లోపల ఉంది. పైన వేడి నీళ్ళు, అడుగున చల్లని నీళ్ళు, వాటి మధ్య సరిహద్దు పొర పదుల మీటర్లు కిందికి దిగుతుంది, లేదా వ్యతిరేకపు అల వస్తే పైకి లేస్తుంది. ఆ పొర పైకి లేస్తే చల్లదనంతో పాటు ఎరువులాంటి లవణాలు వస్తాయి, నాచు పెరుగుతుంది, చేప వస్తుంది. దిగితే ఆ బువ్వ అందనంత లోతుకి పోతుంది. తుపానుకి కూడా అది లెక్కే, వేడి పొర మందంగా ఉంటే తుపాను నీళ్ళని చిలికినా అడుగునుంచి చల్లనివి అందవు, దాని బలం తగ్గదు.

మన తూర్పు తీరం వెంట ఒక ప్రవాహం ఉంది, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. గాలి మారితే ప్రవాహం మారుతుంది, అందులో ఏముంది అనుకునేవారు. లెక్క కుదరలేదు. మార్చిలో తీరం వెంట గాలి బలహీనంగా ఉన్నప్పుడే ఉత్తరానికి ప్రవాహం జోరుగా ఉంటోంది. 1990ల్లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకి చెందిన సతీశ్ షెట్యే, డి. శంకర్, అమెరికాలో జూలియన్ మెక్‌క్రియరీ లాంటివాళ్ళు కలిసి దీన్ని విడదీశారు. మన దగ్గరి గాలి ఒక వాటాదారు మాత్రమే. బంగాళాఖాతం నడిబొడ్డున వీచే గాలికి ఒక వాటా, మయన్మార్ తీరపు గాలికి ఒక వాటా, భూమధ్యరేఖ గాలికి ఒక వాటా, చివరి రెండూ కెల్విన్ అల మీద ఎక్కి వస్తాయి. కాకినాడ ఎదుట నీళ్ళు ఎటు పారాలో కాకినాడ గాలి ఒక్కటే నిర్ణయించదు. దీన్ని నేను చాలాసార్లు చదివాను, ప్రతిసారీ ఎవరో మన ఊరి పంచాయతీ తీర్పు పొరుగు దేశంలో రాశారన్నట్టు ఉంటుంది.

దగ్గరి గాలి పని చెయ్యదని కాదు. నైరుతి రుతుపవనం మన తీరానికి సమాంతరంగా వీస్తుంది, ఆ నీళ్ళు గాలికి కుడికి, అంటే నడిసముద్రం వైపు జరుగుతాయి, ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లనివి లేస్తాయి. 1950ల్లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి మన విద్యార్థులతో కలిసి వాల్తేరు ఎదుట ఈ నీళ్ళు లేవడం, మునగడం కొలిచాడు. మన సముద్రశాస్త్రం అక్కడ మొదలైంది. ఇవాళ సముద్రం సమాచారమంతా ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ సముద్రమే లేని హైదరాబాదులో ఉంది, అది వేరే విషయం.

పడమరకి పోయే అలలు కూడా ఉన్నాయి. రాస్బీ అలలు, 1939లో కార్ల్ గుస్తావ్ రాస్బీ చెప్పినవి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల తోపు ఉత్తరానికి పోయేకొద్దీ పెరుగుతుంది. నీళ్ళ ముద్ద ఒకటి కొంచెం ఉత్తరానికి జరిగిందనుకోండి, అక్కడ భూమి తిప్పుడు ఎక్కువ, ఆ ఎక్కువకి సరిపెట్టడానికి ముద్ద ముల్లు దిశలో తిరుగుతుంది. ఆ తిరుగుడు తన పడమటి పక్కవాడిని ఉత్తరానికి తోస్తుంది, తూర్పు పక్కవాడిని దక్షిణానికి. కాబట్టి ఆ ఉబ్బు పడమరకి జరుగుతుంది. చాలా నెమ్మది, మహాసముద్రం దాటడానికి నెలలు, పై అక్షాంశాల్లో ఏళ్ళు. గాలిలో అయితే ఇవే జెట్ మెలికలు. 2010 వేసవిలో ఒక మెలిక కదలకుండా కూర్చుంటే రష్యా మాడిపోయింది, పాకిస్తాన్ మునిగిపోయింది.

భూమధ్యరేఖ దగ్గర గాలిలో రాస్బీ అల ఎలా ఉంటుందో తెలుసా? రేఖకి పైన ఒక సుడి, కింద ఒక సుడి, అద్దంలో చూసినట్టు, రెంటి నడుమ రేఖ మీద పడమటి గాలి దూకుడుగా. అర్థమైందిగా? అసని, కరీమ్. అలాంటి జంట సుడులకి వేడి సముద్రం, తేమ తోడైతే రెండూ తుపాన్లవుతాయి. రేఖ మీదే పుట్టవు, అక్కడ తోపు సున్నా, సుడి తిరగదు. మామూలుగా ఐదు డిగ్రీల అవతలే పుడతాయి. (2001 డిసెంబరులో వామెయ్ అనే టైఫూన్ ఒకటిన్నర డిగ్రీల దగ్గర పుట్టి అందరినీ బిత్తరపోయేలా చేసింది, అది అరుదు.) నడుమ వీచిన ఆ పడమటి గాలి ఊరికే పోదు, కింద నీళ్ళని తోసి కెల్విన్ అలని పుట్టిస్తుంది. అది సుమత్రా చుట్టి వారాల తర్వాత శ్రీకాకుళం వస్తుంది. తుపాను వచ్చి, తీరం దాటి, టీవీ మర్చిపోయాక వచ్చే రెండో పార్సిల్ అది.

దీని మీద నాకు ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది. జనానికి కావాల్సింది వాన పడుతుందా లేదా, బోటు వెయ్యాలా వద్దా, ఈ అలల పురాణం ఎందుకు? నాకు టీవీలో పనిచేసే స్నేహితుడు అన్న మాటే ఇది. మరి "ఉపరితల ఆవర్తనం సముద్రమట్టానికి 3.1 కిలోమీటర్ల నుంచి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు నైరుతి దిశగా వంగి ఉంది" అని రోజూ చదువుతారే, అది ఎవరికి అర్థమైంది? ద్రోణి అంటే ఏమిటో ఎప్పుడైనా బొమ్మ వేసి చూపించారా? అర్థం కాని పదాలకి మనం అలవాటు పడ్డాం. రెండు సుడుల బొమ్మ మూడో తరగతి పిల్లాడికి కూడా అర్థమవుతుంది. నేను మా మేనల్లుడికి చూపించాను, "ఒకటి రివర్స్ గేర్‌లో ఉంది" అన్నాడు.

ఇంకో అభ్యంతరం కొంచెం బరువైనది: ఇవన్నీ తెలిసినా తుపాను ఎక్కడ తీరం దాటుతుందో చెప్పలేం కదా. నిజం. భూమధ్యరేఖ అలలు సంభావ్యతని పెంచుతాయి, తగ్గిస్తాయి, చిరునామా ఇవ్వవు. ఆ చిరునామా వాతావరణ శాఖ కంప్యూటర్లే ఇవ్వాలి. కానీ ఏ పక్కన ప్రమాదమో చెప్పడానికి తిరుగుడు చాలు. మన తీరం దాటే తుపానుకి ఉత్తరపు పక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి, దక్షిణపు పక్కన నేల నుంచి సముద్రంలోకి. 1977 నవంబరు 19న కేంద్రం చీరాల దగ్గర దాటింది, ఉప్పెన మింగింది కుడిపక్కన ఉన్న దివిసీమని. పదివేల మందికి పైగా పోయారు. "చీరాల వద్ద తీరం దాటనుంది" అనే ఒక్క చుక్క కంటే, ఆ చుక్కకి ఏ చేతి పక్క ఉప్పెన అనేది ఎక్కువ ముఖ్యమైన వార్త. ఇప్పటికీ మన స్క్రోలింగులో చుక్కే కనబడుతుంది.

కిందటి నవంబరులో మావయ్య ఫోన్ చేసి వలలు తెగ దక్షిణానికి కొట్టుకుపోతున్నాయిరా, గాలి చూస్తే అంత లేదు అన్నాడు. నేను ఎగబడి మొత్తం చెప్పాను, భూమధ్యరేఖ, సుమత్రా, మయన్మార్, ఒక్కోటీ. ఆ రోజు నీళ్ళలో ఆ దూరపు గాలి వాటా ఎంతో నేను చెప్పలేనని కూడా చెప్పాను. అంతా విని "అంటే రథం కన్నా ఎక్కువ దూరం నుంచే వొస్తందన్నమాట" అన్నాడు. అవును మావయ్యా అన్నాను. తర్వాత వంజరం ఈసారి కిలో ఎంత పలికిందో చెప్పి పెట్టేశాడు.